దివాలా చట్టంలో గడువు ఎవరికి?

పొగాకు, పత్తి, మిర్చి వ్యాపారాలు సాగిన కోస్తా పట్టణాల్లో ‘ఐపీ పెట్టాడు’ అన్న మాటకు అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్న రెండు ఇంగ్లీషు మాటలు కుదించుకుపోయి ఊరి నానుడిగా మారిన పలుకుబడి అది. అప్పిచ్చినవారి ఇంటికి ఒకనాడు వకీలు నోటీసు వచ్చేది. బాకీదారు దగ్గర చెప్పుకోదగ్గ ఆస్తి లేదని, ఉన్న కాస్తా కోర్టుకు చూపామని, కోర్టు తేల్చినప్పుడు పంచుకోవచ్చని దాని సారాంశం. అది చేతికందిన రోజే అప్పిచ్చినవాడు ఆ పద్దుకు నీళ్లు వదులుకునేవాడు. ఆ నోటీసుకు ఆధారమైన 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం నేటికీ బతికే ఉంది. కంపెనీలకు 2016లో కొత్త చట్టం వచ్చింది గాని, వ్యక్తుల దివాలాకు సంబంధించిన దాని మూడవ భాగాన్ని, కంపెనీల అప్పులకు పూచీ పడిన వ్యక్తుల మేరకు తప్ప, కేంద్ర ప్రభుత్వం అమలులోకి తేలేదు. విచిత్రమేమంటే కొత్త చట్టపు పరిభాషలోనూ ఒక ‘ఐపీ’ ఉన్నాడు. అక్కడ ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ ప్రొఫెషనల్, అనగా మునిగిపోతున్న కంపెనీని చేతిలోకి తీసుకుని, పరిష్కారం దొరికేదాకా నడిపే దివాలా నిపుణుడు. మాట ఒకటే, అర్థం తిరగబడింది. అప్పు ఎగవేసేవాడి ఆయుధంగా ఉన్న దివాలాను అప్పిచ్చినవాడి ఆయుధంగా మార్చడమే 2016 నాటి శాసనకర్తల ఉద్దేశం.

ఆ ఉద్దేశంలో కాలానికి ఇచ్చినంత ప్రాధాన్యం మరి దేనికీ ఇవ్వలేదు. అంతకుముందు మనకు చట్టాలు లేక కాదు. ఖాయిలా పరిశ్రమల కోసం 1985లో ఒక చట్టం చేసి, దాని కింద బీఐఎఫ్ఆర్ అనే బోర్డును నెలకొల్పారు. బ్యాంకుల బకాయిల వసూలుకు 1993లో ప్రత్యేక ట్రైబ్యునళ్లు వచ్చాయి. తాకట్టు ఆస్తిని కోర్టు ప్రమేయం లేకుండా స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం 2002లో వచ్చింది. బీఐఎఫ్ఆర్ గడప తొక్కిన కంపెనీపై ఎవరూ దావా వేయరాదన్న రక్షణ ఉండేది గనుక, వైద్యం కోసం కట్టిన ఆసుపత్రి తలదాచుకునే సత్రమైంది. కొత్త చట్టానికి ముందు భారతదేశంలో ఒక దివాలా వ్యవహారం తేలడానికి సగటున 4.3 ఏళ్లు పట్టేదని, రూపాయికి దాదాపు 26 పైసలు మాత్రమే తిరిగి వచ్చేవని ప్రపంచ బ్యాంకు లెక్క కట్టింది. మూతపడిన ఫ్యాక్టరీలో యంత్రం తుప్పు పడుతుంది, పనివాడు వేరే ఊరు వెళ్లిపోతాడు, కొనేవాడు మరో సరఫరాదారును వెతుక్కుంటాడు. అందుకే టి.కె. విశ్వనాథన్ కమిటీ 2015 నవంబరులో ఇచ్చిన నివేదిక వేగాన్నే ప్రాణంగా భావించింది. దరఖాస్తును స్వీకరించాలో తిరస్కరించాలో తేల్చడానికి 14 రోజులు, పరిష్కారానికి 180 రోజులు, అవసరమైతే మరో 90 రోజులు అని చట్టం రాసుకుంది. వ్యాజ్యాల కాలంతో కలిపి మొత్తం 330 రోజులు దాటరాదని 2019లో మరో సవరణ వచ్చింది.

ఈ చట్టం ఏమీ సాధించలేదనడం అన్యాయం. ఫ్యాక్టరీ మునిగినా యజమాని మునగడన్నది మన వ్యాపార ప్రపంచంలో చిరకాలం చెల్లిన సూత్రం. దాన్ని మొదటిసారి గట్టిగా కుదిపింది ఈ చట్టమే. 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు పన్నెండు భారీ ఖాతాలను పేర్కొని, వాటిని దివాలా ప్రక్రియకు పంపమని బ్యాంకులను ఆదేశించింది. అప్పటి మొత్తం మొండి బకాయిల్లో దాదాపు పాతిక శాతం ఆ పన్నెండింటివే. భూషణ్ స్టీల్‌ను టాటా స్టీల్ తీసుకుంది. 49 వేల కోట్ల పైచిలుకు బకాయిలున్న ఎస్సార్ స్టీల్‌ను ఆర్సెలర్ మిట్టల్ 42 వేల కోట్లకు దక్కించుకుంది. ఎగవేతదారు దొడ్డిదారిన మళ్లీ అదే కంపెనీని చవకగా కొనకుండా 2017 నవంబరులో 29ఏ సెక్షన్ వచ్చింది. ఎగవేతదారుల స్వర్గం పోయిందని సుప్రీంకోర్టు 2019 జనవరి 25న స్విస్ రిబ్బన్స్ తీర్పులో అన్నది ఈ మార్పును చూసే. కంపెనీ చేజారుతుందన్న భయంతో, దరఖాస్తు స్వీకరణకు ముందే బాకీ సర్దుకున్న కేసులు 30 వేలు దాటాయని, వాటి వెనుక ఉన్న ఎగవేత మొత్తం 13 లక్షల కోట్ల రూపాయలకు పైమాటేనని ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. నా దృష్టిలో చట్టం సాధించిన అసలు విజయం ఇదే. అది ట్రైబ్యునల్ లోపల కంటే గుమ్మం బయట ఎక్కువ పనిచేసింది.

లోపలి సంగతికి వద్దాం. 2025 మార్చి చివరి నాటికి 1,194 కంపెనీలకు పరిష్కార ప్రణాళికలు ఆమోదం పొందాయి. రుణదాతలకు దక్కింది 3.89 లక్షల కోట్లు, అంటే అంగీకరించిన బకాయిల్లో 32.8 శాతం. లిక్విడేషన్‌కు, అనగా ముక్కలుగా అమ్మివేతకు వెళ్లిన కంపెనీలు 2,700 పైచిలుకు. రిజర్వు బ్యాంకు పన్నెండు పేర్లలో ఒకటైన మన లాంకో ఇన్‌ఫ్రాటెక్ చివరికి ఆ గుంపులోనే చేరింది. సుమారు 44 వేల కోట్ల బకాయిల ఆ సంస్థకు సరైన ప్రణాళిక దొరకక, హైదరాబాద్ ట్రైబ్యునల్ 2018 ఆగస్టులో లిక్విడేషన్‌కు ఆదేశించింది. కొండపల్లి విద్యుత్తు నుంచి మణికొండ ఆకాశహర్మ్యాల దాకా ఒకనాడు పేరు మోగిన సంస్థ ముగింపు మన రాజకీయ చర్చల్లో వినిపించవలసినంత వినిపించలేదు.

బ్యాంకులు వదులుకునే వాటాను ఈ రంగంలో ‘హెయిర్‌కట్’ అంటారు. 2021 జూన్‌లో వీడియోకాన్ సంస్థల కేసులో సుమారు 64,800 కోట్ల బకాయిలకు 2,962 కోట్ల ప్రణాళిక వచ్చినప్పుడు, ఇది క్షవరమా, గుండా అన్న ధోరణిలో ముంబయి ట్రైబ్యునలే వ్యాఖ్యానించింది. గుండు అంటే మనకు తెలియనిది కాదు. కాని తిరుమలలో తలనీలాలు ఇచ్చేవాడు తన ఇష్టంతో, తన జుట్టే ఇస్తాడు. ఇక్కడ కత్తెర పట్టింది బ్యాంకు అధికారులు, రాలింది డిపాజిటరు సొమ్ము, పన్ను కట్టినవాడి సొమ్ము. ఆ ప్రణాళికను అప్పీలేట్ ట్రైబ్యునల్ 2022 జనవరిలో కొట్టివేసింది. 95 శాతం దాకా సాగుతున్న ఈ కోతలపై ఆర్థిక వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం 2021 ఆగస్టు నివేదికలోనే ఆందోళన తెలిపింది.

అయితే ఈ కోత లెక్కను విడిగా పట్టుకుని ఊగిపోయే వారితో నేను ఏకీభవించను. ఏళ్ల తరబడి పెరిగిన వడ్డీని కలుపుకున్న బకాయిని విభాజకంగా పెట్టి, శిథిలమైన ఫ్యాక్టరీ విలువను దానితో భాగిస్తే వచ్చే శాతం చట్టం శక్తిని చెప్పదు, బ్యాంకుల గత అలసత్వాన్ని చెబుతుంది. పరిష్కారమైన కంపెనీల్లో దాదాపు 40 శాతం అంతకుముందే బీఐఎఫ్ఆర్‌లో ఉన్నవో, మూతపడినవో. బట్టతలతో వచ్చినవాడికి మంగలి ఎంత జుట్టు మిగిల్చాడని అడగడం లాంటిదే ఇది. అమ్మివేస్తే వచ్చే విలువతో పోల్చినప్పుడు ప్రణాళికల ద్వారా వచ్చింది 170 శాతం. అడగవలసిన ప్రశ్న వేరు. ట్రైబ్యునల్‌కు వచ్చిన నాడు ఉన్న జుట్టు, అక్కడ కూర్చోబెట్టిన కాలంలో ఎంత రాలింది?

ఈ చట్టం కింద దేశంలో తొలి పరిష్కార ప్రణాళిక విశాఖపట్నానికి చెందినది. కార్లకు అల్లాయ్ చక్రాలు తయారుచేసే సినర్జీస్ డూరే ఆటోమోటివ్‌కు హైదరాబాద్ ట్రైబ్యునల్ 2017 ఆగస్టు 2న ఆమోదం తెలిపింది. దరఖాస్తు స్వీకరించిన నాటి నుంచి ఆరు నెలల పైచిలుకులో, అనగా చట్టం రాసుకున్న కాలంలోనే అది ముగిసింది. రుణదాతలకు దక్కింది మాత్రం సుమారు 972 కోట్లకు దాదాపు 54 కోట్లు. పైగా కంపెనీని తీసుకున్నది దాని సొంత గూటి సంస్థే. ఆ సంస్థ తనకు రావలసిన అప్పులో అధిక భాగాన్ని ముందుగానే వేరే ఫైనాన్స్ కంపెనీకి బదలాయించడంతో, సంబంధీకులకు ఓటు లేదన్న నిబంధన అక్కరకు రాలేదని మరో రుణదాత అభ్యంతరపెట్టాడు. అది ట్రైబ్యునల్‌లోను, అప్పీలులోను నిలవలేదు. తొలి కేసే ఇలా ఉండడంతో, వేగం ఒక్కటే న్యాయం కాదన్న పాఠం మొదట మన గుమ్మంలోనే కనిపించింది. ఆ తరువాత వేగం కూడా పోయింది.

ప్రణాళికతో ముగిసిన కేసులకు 2025 మార్చి నాటికి పట్టిన సగటు కాలం 597 రోజులు. ట్రైబ్యునల్ మినహాయించిన రోజులను తీసివేశాక మిగిలిన లెక్క అది. ఈ రోజులు ఎక్కడ ఖర్చయ్యాయో వృత్తిలో ఉన్నవారికి తెలుసు. మొదటిది గుమ్మం దగ్గర: పద్నాలుగు రోజుల్లో తేలవలసిన స్వీకరణ నెలలు, కొన్నిసార్లు ఏళ్లు తీసుకుంటుంది. ఆ కాలమంతా కంపెనీ పాత యజమాని చేతిలోనే ఉంటుంది, సరుకు తరలుతుంది, ఖాతాలు మారతాయి. రెండవది చివర్లో: రుణదాతల కమిటీ ఓటు వేసి ఆమోదించిన ప్రణాళిక ట్రైబ్యునల్ సంతకం కోసం బీరువాలో పడి ఉంటుంది. ఈ రెండూ కంపెనీ చేతిలో గాని, దివాలా నిపుణుడి చేతిలో గాని ఉన్నవి కావు. రెండూ ధర్మాసనం దగ్గర జరిగే ఆలస్యాలు. ఆ ధర్మాసనంలో కుర్చీలు నింపే అధికారం కేంద్ర ప్రభుత్వానిది.

జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్‌కు అధ్యక్షుడితో కలిపి మంజూరైన సభ్యులు 63 మంది. ఆ సంఖ్య దివాలా కేసులకే పరిమితం కాదు. విలీనాలు, వాటాదారుల తగాదాలు సహా కంపెనీల చట్టం కింద వచ్చే వ్యవహారాలన్నీ వారివే. ఆ కుర్చీలు ఎన్నడూ పూర్తిగా నిండి కుదురుగా నడిచిన దాఖలా లేదు. కంపెనీల చట్టం ప్రకారం సభ్యుడి పదవీకాలం ఐదేళ్లు కాగా, 2019 సెప్టెంబరులో ప్రభుత్వం నియామకాలను మూడేళ్లకే ఇచ్చింది. బార్ అసోసియేషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. మెలకువలు పట్టుబడేసరికి సభ్యుడు ఇంటిదారి పడితే, కొత్తవాడు ఉక్కు కంపెనీ వేల పుటల కాగితాలు మొదటి నుంచి చదవాలి. 2024 జూలై బడ్జెట్ ప్రసంగంలో అదనపు ట్రైబ్యునళ్లు పెడతామని, వాటిలో కొన్నింటిని కంపెనీల చట్టం కేసులకే కేటాయిస్తామని ఆర్థిక మంత్రి చెప్పారు. ప్రసంగం ముగిసింది, సభ్యుల కొరత ముగియలేదు.

ఈ ఆలస్యానికి మూల్యం ఎంతో తెలియాలంటే జెట్ ఎయిర్‌వేస్‌ను చూడాలి. 2019 ఏప్రిల్‌లో విమానాలు నేలకు దిగాయి. జూన్‌లో కేసు స్వీకరించారు. సరిగ్గా రెండేళ్లకు, 2021 జూన్‌లో, జలాన్–కల్‌రాక్ కూటమి ప్రణాళికకు ఆమోదం వచ్చింది. ఆ తరువాత మూడేళ్లకు పైగా ఎవరు ముందు డబ్బు కట్టాలి, ఎవరు ముందు కంపెనీని అప్పగించాలి, గ్యారంటీని తొలి విడతలో సర్దుకోవచ్చా అన్న వాదాలు ట్రైబ్యునల్, అప్పీలు, సుప్రీంకోర్టు మధ్య తిరుగుతూ ఉండిపోయాయి. చివరికి 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు 142వ అధికరణాన్ని వినియోగించి లిక్విడేషన్‌కు ఆదేశించింది, కూటమి కట్టిన 200 కోట్లు జప్తయ్యాయి. విమానయాన సంస్థకు విమానాల కంటే ముఖ్యమైన ఆస్తి విమానాశ్రయాల్లో దిగే, ఎగిరే వేళలు, శిక్షణ పొందిన సిబ్బంది. ఆ రెండూ సంవత్సరాల తరబడి షెల్ఫులో నిల్వ ఉండే సరుకు కావు. ట్రైబ్యునళ్ల సభ్యుల సంఖ్య చాలదని, పూర్తి పనివేళలు కూర్చోని ధోరణి ఉందని ఆ తీర్పులో సుప్రీంకోర్టు అన్న మాటలు విమాన కంపెనీ వార్తల హోరులో అంతగా వినపడలేదు.

భూషణ్ పవర్ అండ్ స్టీల్ కథ దీనికి తలకిందులు. అక్కడ చనిపోయిన కంపెనీని ఎవరూ బతికించలేకపోవడం కాదు సమస్య, బతికిన కంపెనీని చంపబోవడం. ఒడిశాలోని ఝార్సుగుడాలో ప్రధాన కర్మాగారం ఉన్న ఆ సంస్థ బకాయిలు 47 వేల కోట్లకు పైన. 2017 జూలైలో కేసు స్వీకరించారు. 19,350 కోట్లు ఇస్తామన్న జేఎస్‌డబ్ల్యూ స్టీల్ ప్రణాళికకు 2019 సెప్టెంబరులో ట్రైబ్యునల్, 2020 ఫిబ్రవరిలో అప్పీలేట్ ట్రైబ్యునల్ ఆమోదం తెలిపాయి. 2021 మార్చిలో డబ్బు చెల్లించి కంపెనీ పగ్గాలు చేపట్టారు, ఉత్పత్తి సామర్థ్యం పెంచారు. ఇదంతా జరిగిన నాలుగేళ్లకు, 2025 మే 2న, సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఆ ప్రణాళిక చెల్లదని, కంపెనీని లిక్విడేట్ చేయాలని తీర్పు చెప్పింది. ఆ నెల 26న మరో ధర్మాసనం యథాతథ స్థితి ఇచ్చింది. జూలై 31న పాత తీర్పును వెనక్కి తీసుకున్నారు. సెప్టెంబరు 26న ప్రధాన న్యాయమూర్తి గవాయ్ నాయకత్వంలోని త్రిసభ్య ధర్మాసనం ప్రణాళికను నిలబెట్టింది. కంపెనీ నడిచిన కాలంలో వచ్చిన లాభం కూడా తమదేనని రుణదాతలు లేవనెత్తిన వాదాన్ని, ప్రణాళికలను ఆహ్వానించిన పత్రంలోనే ఆ షరతు లేదన్న కారణంతో తోసిపుచ్చింది.

చివరి తీర్పుతో పారిశ్రామిక వర్గాలు ఊపిరి పీల్చుకున్నాయి, పత్రికలు అంతిమత్వం గెలిచిందన్నాయి. నేను మే నాటి తీర్పును అంత తేలికగా పక్కన పెట్టలేను. దాని శిక్ష తప్పు: నడుస్తున్న కర్మాగారాన్ని ముక్కలుగా అమ్మమనడం ఈ చట్టం ఎవరి కోసం పుట్టిందో మరిచిపోవడమే. కాని అది వేసిన ప్రశ్నలు తప్పుడువి కావు. గడువు దాటుతున్నా దివాలా నిపుణుడు ఏం చేశాడు? అర్హత పత్రాలు సరిచూశాడా? డబ్బు ఆలస్యమవుతున్నా కమిటీలోని బ్యాంకులు ఎందుకు ఊరుకున్నాయి? ప్రణాళికను కాపాడుతూనే ఈ ప్రశ్నలకు జవాబు రాబట్టే యంత్రాంగం మన చట్టంలో బలహీనంగా ఉంది. అందువల్ల న్యాయమూర్తికి మిగిలినవి రెండే దారులు, అంతా సరేనని సంతకం పెట్టడం లేదా అంతా కూల్చడం.

ఆ కేసులో ఆలస్యానికి పెద్ద కారణం మరొకటి ఉంది. పాత యాజమాన్యం చేసిన నేరాల పేరిట 2019 అక్టోబరులో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ 4,025 కోట్ల రూపాయల ఆస్తులను జప్తు చేసింది. అదే ప్రభుత్వపు ఒక చెయ్యి కంపెనీని కొనమని పెట్టుబడిదారుని పిలుస్తుంటే, రెండో చెయ్యి ఆ కంపెనీ ఆస్తికి తాళం వేసింది. ఆ చిక్కు విప్పడానికే అదే ఏడాది డిసెంబరులో ఆర్డినెన్సు ద్వారా 32ఏ సెక్షన్ తెచ్చారు, కొత్త యజమానిని పాత పాపాల నుంచి తప్పించడానికి. అయినా వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2024 చివరి వరకు సాగింది. పన్నుల శాఖలదీ ఇదే వరస. గుజరాత్ వ్యాట్ బకాయి తాకట్టు రుణంతో సమానమని 2022 సెప్టెంబరులో రెయిన్‌బో పేపర్స్ తీర్పు వచ్చాక, ప్రతి రాష్ట్రం వరుసలో ముందుకు దూకే ప్రయత్నం మొదలుపెట్టింది. రాష్ట్ర ఖజానా తన పైసలు అడగడంలో తప్పు లేదు. కాని ఖజానా ముందుకు జరిగిన ప్రతిసారీ వెనక్కి నెట్టబడేది బ్యాంకు ఒక్కటే కాదు.

వెనక్కి నెట్టబడే వారు ఎవరో చెప్పుకోవాలి. కంపెనీకి అప్పిచ్చిన బ్యాంకుకు కమిటీలో ఓటు ఉంది. బోల్టులు, అట్టపెట్టెలు, లారీలు, భోజనాలు అరువు మీద సమకూర్చిన చిన్న సరఫరాదారుకు ఓటు లేదు. కంపెనీని ముక్కలుగా అమ్మితే అతనికి వచ్చే మొత్తం కన్నా తక్కువ ఇవ్వరాదని చట్టం హామీ ఇస్తుంది. ముక్కలుగా అమ్మితే సాధారణంగా అతని వంతు వచ్చేసరికి మిగిలేది సున్నా. సున్నాకు తగ్గకుండా ఇస్తామన్న హామీ అది! వీడియోకాన్ ప్రణాళికలో ఈ వర్గానికి చూపిన వాటా 0.72 శాతం. దరఖాస్తుకు కనీస ఎగవేత మొత్తాన్ని 2020 మార్చి 24న లక్ష నుంచి ఒక్కసారిగా కోటికి పెంచారు. కోవిడ్ వేళ చిన్న సంస్థలను కాపాడేందుకన్నారు గాని, కోటిలోపు బాకీ రావలసిన చిన్న సరఫరాదారుకు ఆ రోజే ఈ గుమ్మం మూసుకుంది. కోవిడ్ పోయింది, కోటి అలాగే ఉంది.

2019 జూలై 4న అప్పీలేట్ ట్రైబ్యునల్ ఎస్సార్ కేసులో, అప్పిచ్చిన బ్యాంకులకూ సరుకిచ్చిన వారికీ ఒకే నిష్పత్తిలో పంచాలని ఆదేశించింది. దానిలో న్యాయశాస్త్ర లోపాలున్నాయి, నవంబరు 15న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేయడం సబబే. ఇక్కడ గమనించదగినది ప్రభుత్వ స్పందన. ఆ ఆదేశం వచ్చిన నెలలోపే బ్యాంకుల ప్రాధాన్యాన్ని తిరిగి నిలబెట్టే సవరణ బిల్లును కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది, రాజ్యసభ ఆమోదించింది, ఆగస్టు 1న లోక్‌సభా ఆమోదించింది. మన రాజ్యానికి వేగం చేతకాదని ఎవరూ అనలేరు. ఎవరి వాటా కదిలినప్పుడు కదులుతుందన్నదే తేడా. ట్రైబ్యునల్ ఖాళీల విషయంలో ఆ నాలుగు వారాల చురుకుదనం ఒక్కసారీ కనిపించలేదు.

కార్మికుల స్థితి కొంత మెరుగు. అమ్మివేత డబ్బులో, ప్రక్రియ ఖర్చులు పోగా, వారి 24 నెలల వేతన బకాయికి తాకట్టు రుణదాతతో సమానస్థానం ఉంది. ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ సొమ్ము రుణదాతలు పంచుకునే రాశిలోకి రాదని చట్టమే చెబుతుంది. జెట్ ఉద్యోగుల విషయంలో 2023 జనవరిలో సుప్రీంకోర్టు దానికి అడ్డు చెప్పలేదు. కాగితం మీద హక్కు ఉంది. 2019లో జీతం ఆగిన ఉద్యోగి ఆ హక్కును ఐదేళ్లు అప్పీళ్ల వెంట మోయవలసి వచ్చింది. ఓటున్న బ్యాంకు ఆలస్యాన్ని తన పద్దుల్లో కేటాయింపుగా చూపించి మరో వ్యాపారం చేసుకుంటుంది. ఉద్యోగికి అటువంటి పద్దు లేదు.

వృత్తి నిపుణుల గురించి ఒక మాట. దివాలా నిపుణులను తిట్టడం ఇప్పుడు సులువైన పని అయింది. వారిలో అక్రమార్కులు ఉన్నారు. వారిని విచారించి లైసెన్సు రద్దు చేసే అధికారం దివాలా బోర్డుకు ఉంది, దాన్ని వాడుతోంది కూడా. కాని ఒక నిపుణుడు కమిటీ సమావేశం ఏర్పాటు చేస్తే, సంతకం పెట్టే అధికారం లేని కింది ఉద్యోగిని బ్యాంకు పంపిస్తే ఎవరిని శిక్షించాలి? ‘పై ఆఫీసును అడిగి చెబుతాం’ అన్న ఒక్క మాటతో వారాలు కరిగిపోతాయి. కమిటీలు ఎలా నడుచుకోవాలో 2024 ఆగస్టులో బోర్డు మార్గదర్శకాలు ఇచ్చింది. అవి హితవచనాలు, పాటించకపోతే శిక్ష లేదు. కమిటీ వ్యాపార వివేచనను న్యాయస్థానాలు ప్రశ్నించరాదన్న సూత్రం స్థిరపడిపోయింది. ప్రశ్నించరాని వివేచనకు కనీసం సమయపాలన బాధ్యత అయినా ఉండాలి కదా.

ఈ నేపథ్యంలో 2025 ఆగస్టు 12న నిర్మలా సీతారామన్ లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లును, దానిని పరిశీలించిన సెలెక్ట్ కమిటీ ముందు నిలిచిన బాధ్యతను చూడాలి. బిల్లులో మంచి చాలా ఉంది. ఎగవేత రుజువైతే దరఖాస్తును స్వీకరించి తీరాలంటుంది. ఎగవేత ఉన్నా నిరాకరించే విచక్షణ ట్రైబ్యునల్‌కు ఉందన్న 2022 జూలై నాటి విదర్భ ఇండస్ట్రీస్ తీర్పు తెరిచిన కిటికీని అది మూసేస్తుంది. చట్టం వల్ల మాత్రమే పుట్టిన ప్రభుత్వ బకాయి తాకట్టు రుణం కాదని స్పష్టం చేసి రెయిన్‌బో గందరగోళాన్ని తీరుస్తుంది. ఒకే గొడుగు కింది కంపెనీలను కలిపి విచారించడానికి, విదేశాల్లో ఆస్తులున్న కంపెనీల వ్యవహారానికి నిబంధనలు చేసుకునే అధికారం ఇస్తుంది. అన్నిటికంటే కొత్తది, నోటిఫై చేసిన ఆర్థిక సంస్థలు ట్రైబ్యునల్ గడప ఎక్కకుండానే మొదలుపెట్టగల ప్రక్రియ. దానికి గడువు 150 రోజులు. కంపెనీ పగ్గాలు యాజమాన్యం చేతిలోనే ఉంటాయి, నిపుణుడు పర్యవేక్షిస్తాడు. ఎగవేతదారుని కుర్చీలోంచి లేపడమే ఈ చట్టానికి పేరు తెచ్చింది గనుక, ఈ సడలింపు ఎలా నడుస్తుందో జాగ్రత్తగా చూడాలి. ట్రైబ్యునల్ మీద భారం తగ్గించాలన్న తొందరలో బీఐఎఫ్ఆర్ సత్రానికి కొత్త సున్నం వేసినట్లు కాకూడదు.

గడువుల దగ్గరే బిల్లు నన్ను నిరాశపరుస్తుంది. స్వీకరణకు 14 రోజులు, ప్రణాళిక ఆమోదానికి 30 రోజులు, అప్పీలుకు 3 నెలలు. దాటితే ధర్మాసనం కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. సభ్యుడు లేక బెంచి కూర్చోని రోజున ఆ కారణం ఎవరు రాయాలి? హైదరాబాద్, అమరావతి, కటక్ బెంచీల్లో ఏ న్యాయవాదిని అడిగినా, కేసు వాయిదా పడడానికి సభ్యుడి సోమరితనం కంటే సభ్యుడి కొరతే తరచు కారణమని చెబుతారు. ఖాళీ అయ్యే కుర్చీని ఇన్ని నెలల ముందే నింపాలని, నింపకపోతే పార్లమెంటుకు కారణం చెప్పాలని కంపెనీ వ్యవహారాల శాఖను కట్టడి చేసే వాక్యం ఒక్కటీ బిల్లులో లేదు. రుణదాతకు గడువు, నిపుణుడికి గడువు, న్యాయసభ్యుడికి గడువు పెట్టిన రాజ్యం తనకు మాత్రం గడువు పెట్టుకోలేదు.

సెలెక్ట్ కమిటీ తలచుకుంటే ఈ లోటు తీర్చగలిగేది. దానికి పెద్ద సిద్ధాంతం అక్కరలేదు. బెంచీల వారీగా ఎన్ని కుర్చీలు ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నాయి, ఆ నెలల్లో ఎన్ని దరఖాస్తులు స్వీకరణకు, ఎన్ని ప్రణాళికలు ఆమోదానికి ఆగాయి, ఆగిన ప్రణాళికల మొత్తం విలువ ఎంత, అన్న వివరాలను శాఖ నుంచి తెప్పించి నివేదికకు జత చేయవలసింది. దివాలా కేసులకే పరిమితమైన బెంచీల సంఖ్యను బిల్లులో గాని, ఆర్థిక వివరణ పత్రంలో గాని రాయించవలసింది. కోటి రూపాయల పరిమితిని సరఫరాదారుల వరకు తగ్గించాలా అన్నదానిపై చిన్న పరిశ్రమల సంఘాలను పిలిచి అడగవలసింది. స్వీకరణకు 14 రోజులన్న అంకె 2016 చట్టంలో కూడా ఉన్నదే.